ఏ పేరూ లేని టోపీ

మొన్న శుక్లాల ఆపరేషనుకని వనపర్తిలో కంటి ఆసుపత్రికి వెళ్లి, చుక్కలు వేయించుకుని, నా వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉంటే, ఎదురుగా గోడకున్న టీవీలో ఆడపిల్లలు గోల్ఫ్ ఆడుతున్నారు. మందుకు చూపు మసకబారి ఆ పిల్లల ముఖాలు ఆనలేదు గాని, వాళ్ల ఒంటి మీద పేర్లున్న సంగతి మాత్రం తెలుస్తూనే ఉంది. టోపీకి ముందొకటి, పక్కనొకటి, కాలరు మీదొకటి, చేతుల మీద చెరొకటి, చివరికి కర్రలు పెట్టుకునే సంచీ మీద కూడా ఏవో కంపెనీల పేర్లు. పక్కన కూర్చున్న పెద్దాయన ఇదేం ఆటని అడిగితే, నాకు తోడుగా బెంగళూరు నుంచి వచ్చిన మా మేనకోడలు ఓపికగా అంతా వివరించింది. తాను ఒకప్పుడు ఆ ఆటే ఆడేదాన్నని మాత్రం చెప్పలేదు. నాకు గుండె దడ పట్టుకుంది. నర్సు వచ్చి బీపీ చూసి, అమ్మకు ఆపరేషనంటే భయంగా ఉన్నట్టుందని ధైర్యం చెప్పబోయింది. నా భయం ఆపరేషనుకు కాదు. టోపీ మీద పేరు కనబడినప్పుడల్లా ఇరవై ఏళ్లుగా నాకు ఇదే దడ.

అసలు నేను పుట్టు పిరికిదాన్ని. బడిలో అయ్యవారు పక్కపిల్లను కొడితే నాకు జ్వరం వచ్చేది. మా ఊరు ఇటిక్యాల దగ్గర. ఇప్పుడంటే గద్వాల జిల్లా, వనపర్తి జిల్లా, నాగర్‌కర్నూల్ జిల్లా అని పంచుకున్నారు గాని, ఆ రోజుల్లో అంతా ఒకటే పాలమూరు. కుదిరిన పెళ్లి తప్పిపోయాక నేను మా పెద్దన్న ఇంట్లోనే ఉండిపోయాను. అన్న ఉన్నట్టుండి పోయేసరికి, ఆయన చూసే సీడు పత్తి పని మా వదిన నెత్తిన పడింది. ఆడమనిషి, చదువు లేదు, నాలుగు నాళ్లలో చేతులెత్తేస్తుందని ఊళ్లో మగవాళ్లు అనుకున్నారు. ఆమె ఎత్తలేదు. అన్న చెప్పులు బయట వసారాలో అట్లాగే ఉంచి, ఆయన సంచీ భుజాన వేసుకుని పొలాల వెంట తిరగడం మొదలుపెట్టింది.

మా వైపువాళ్లకు చెప్పనక్కరలేదు గాని, తెలియనివారి కోసం చెబుతాను. సీడు పత్తి అంటే బట్టకోసం వేసేది కాదు, మరుసటేడు రైతులు విత్తుకునే గింజ కోసం వేసేది. చేనులో ఎక్కువ భాగం ఆడ చెట్లు, ఒక పక్కగా కొన్ని మగ చెట్లు పెడతారు. సాయంత్రం ఆడ చెట్టు మొగ్గను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, ఎర్ర కాగితం తొడిగి వస్తారు. పొద్దున మగ పూలు కోసుకొచ్చి ఒక్కొక్క మొగ్గకూ రాస్తారు. ఏ ఆడదానికి ఏ మగదన్నది కంపెనీ చెబుతుంది. ఆ జత తప్పిందంటే గింజను కంపెనీ తీసుకోదు, రైతు ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. కంపెనీ దగ్గర మూల విత్తనం తెచ్చి రైతులకివ్వడం, పండిన గింజ కంపెనీకి చేర్చడం మా వదిన పని. మా ఊరివాళ్లకు ఒక రకం ఇచ్చేది, కృష్ణకు అవతల వీపనగండ్ల వైపున్న తన పుట్టింటి ఊరివాళ్లకు రెండో రకం ఇచ్చేది.

ఇక మేనకోడలి సంగతి. మా తమ్ముడు పెళ్లయిన కొత్తలోనే మేస్త్రీ వెంట మన్ను పనికి బెంగళూరు వెళ్లాడు. మన పాలమూరు కూలీలు తవ్వని కాలువ లేదు, పోయని కట్ట లేదు. వాడి పాలికి వచ్చింది మాత్రం గోల్ఫ్ మైదానం. దిబ్బలు పోసి, గుంతలు తీసి, గడ్డి పరిచాక తక్కినవాళ్లు మరో పనికి తరలిపోతే, వాడు ఆ గడ్డికే మాలీగా కుదిరి అక్కడే ఉండిపోయాడు. వాడి కూతురు పొదల్లో పడిన బంతులు ఏరుతూ ఏరుతూ తానూ కర్ర పట్టింది. క్లబ్బుకు వచ్చే ఒక పెద్దావిడ దాని చెయ్యి చూసి పక్కన నిలబడి నేర్పించింది. సెలవుల్లో మా ఊరొచ్చినప్పుడు ఆ పిల్లే మా చేలో మొగ్గలు ఒలిచేది. చిన్నపిల్లల చేత ఆ పని చేయించడం తప్పని అప్పట్లో మాకెవరికీ తోచలేదు, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. గుంత దగ్గర బంతిని మెల్లగా నెట్టేటప్పుడు పత్తి మొగ్గను పట్టుకున్నట్టే ఉంటుందని అది నవ్వుతూ చెప్పేది.

ఆడవాళ్లు ఆ ఆటను వృత్తిగా ఆడే పోటీలు మన దేశంలో అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, అందులోనూ కలిగినింటి పిల్లలే ఎక్కువ. ఊళ్లు తిరగాలి, కర్రలు బంతులు కొనాలి, ఏదైనా కంపెనీ తన పేరు టోపీ మీద కుట్టించి ఏడాది ఖర్చు భరిస్తే తప్ప సాగదు. మాలీ కూతురి టోపీ మీద పేరు ఎవరు పెట్టుకుంటారు? ఈ మాట తమ్ముడు ఫోనులో చెప్పుకుని బాధపడితే, వదిన మరునాడే గద్వాలకు బస్సెక్కి, మా విత్తనాల కంపెనీ ఆఫీసరు ముందు కూర్చుంది. “మా పిల్ల గోలుపు ఆడుతది సారూ. మీ పేరు దాని నెత్తిన వెట్టున్రి” అందట. ఆయన మొదటిసారి నవ్వాడు, రెండోసారి టీ తాగించి పంపాడు, మూడోసారి హైదరాబాదుకు ఫోను చేశాడు. పైవాళ్లు ఒక ఏడాదికి సరేనన్నారు. ఒకటే షరతు. ఈసారి వదిన చేతి మీదుగా వచ్చే గింజలో ఎక్కడా కలగాపులగం ఉండకూడదు. ఆ తర్వాత కొన్నాళ్లకు తెల్ల టోపీ ఒకటి మా ఇంటికి వచ్చింది, ముందువైపు ఆకుపచ్చ దారంతో కంపెనీ పేరు. పోటీ రోజున పిల్ల తలకు తన చేత్తో పెడతానని వదిన దాన్ని కాగితంలో చుట్టి బీరువాలో దాచింది.

నా తప్పు ఆ షరతుకూ ఈ టోపీ రావడానికీ మధ్య జరిగింది. కంపెనీ సంచుల మీద ఇంగ్లీషు అంకెలు తప్ప ఏమీ ఉండవు, మా రైతులకు అవి తెలియవు. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గంగాజమున అంచు గద్వాల చీర మీకందరికీ తెలిసిందే, ఒక అంచు ఎరుపు, రెండో అంచు పచ్చ. అట్లాంటి పాత చీర అంచులు చింపి, ఒక రకానికి ఎర్ర పేలిక, రెండో రకానికి పచ్చ పేలిక కట్టేవాళ్లం. రైతు ఎర్ర పేలిక ఆడసంచీతో పాటు ఎర్ర పేలిక మగసంచీ తీసుకుంటే చాలు, జత తప్పదు. కిందటేడు మా ఊరి రకానికి పచ్చ కట్టాం. ఈ ఏడు మా ఊళ్లో రైతులు పెరిగారు, చీరకేమో ఎర్ర అంచే ఎక్కువ మిగిలింది, అందుకని వదిన మా ఊరి రకానికి ఎరుపు మార్చింది. ఆడసంచులన్నిటికీ తానే కట్టి లోపలి గదిలో పెట్టింది. మగసంచులు నన్ను కట్టమని, టోపీ సంగతి సంతకాలకు గద్వాల వెళ్లింది. రంగు మార్చిన సంగతి నాకు చెప్పే వెళ్లింది కూడా. నేను వినలేదు. ఆ పూట నా బుర్రనిండా పిల్ల టోపీ, పేపర్లో పిల్ల ఫొటో, ఇవే తిరుగుతున్నాయి. ఇంటరు దాకా చదువుకున్నదాన్ని, సంచీ మీది అంకెలు చక్కగా చదివాను. చదివి, పాత అలవాటున మా ఊరి రకానికి పచ్చ, అవతలి రకానికి ఎరుపు కట్టేశాను. లోపలి గదిలోకి నాలుగడుగులు వేసి ఒక్కసారి చూసుకుంటే సరిపోయేది. వారం తిరక్కుండా సంచులన్నీ పంచేశారు, వానలు పడ్డాయి, రెండు ఊళ్లలోనూ విత్తుకున్నారు.

నెలన్నర తర్వాత ఒకరోజు, వరసకు చిన్నమ్మయ్యే ఒకామె చేనుకు పని మీద వెళ్లాను. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో కౌలుకు పత్తి వేసిన మనిషి. ఆమె చేలో మగ చెట్ల పక్కన నిలబడి ఏదో మాట్లాడుతూ ఆకు వైపు చూశాను. మా ఊరి రకం మగచెట్టుకు ఆకు వెడల్పుగా ఉంటుంది. ఇక్కడ బెండాకులాగా సన్నగా చీలి ఉంది. పక్క చేనుకు వెళ్లాను, అక్కడా అంతే. ఆ పక్కనా అంతే. చిన్నమ్మ నా ముఖం చూసి, “ఏందే గట్లయినవ్, కండ్లు తిరుగుతున్నయా?” అని చెంబుతో నీళ్లిచ్చింది. చెంబు గట్టు మీద పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

ఆ మూడు రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. పది పన్నెండు రోజుల్లో పూత మొదలవుతుంది. జత తప్పిన పూలు రాసుకుంటూ రెండు ఊళ్లవాళ్లు రెండు నెలలు నడుములు విరగ్గొట్టుకుంటారు, ఆ తర్వాత కంపెనీ వద్దంటుంది. ఆ రోజుల్లో మా వైపు పత్తి పోయిన ఇళ్లలో ఏమేం జరిగేవో నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా? ఏ ఇంటికి వెళ్లినా నా కళ్లు చూరులో దోపిన పురుగుమందు డబ్బా మీదికే పోయేవి. మోటారు సైకిలు చప్పుడైతే కంపెనీవాళ్లేమోనని వంటింట్లోకి పరుగెత్తేదాన్ని. అన్నం ముద్ద కలిపి అట్లాగే కూర్చునేదాన్ని. ఎటైనా వెళ్లిపోదామనుకున్నాను, వెళ్లడానికీ భయమే.

మూడో రోజు మధ్యాహ్నం వదిన జొన్నలు చెరుగుతుంటే ఎదురుగా కూలబడి, ఏడుపు మధ్యలో అంతా చెప్పేశాను. ఆమె చేట పక్కన పెట్టింది. తిడుతుందని తల వంచుకుని కూర్చుంటే, ఒకే మాట అడిగింది. “ఇంకెవరికన్న చెప్పినవా?” చెప్పలేదన్నాను. “చెప్పకు” అంది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. గుట్టుగా సర్దేస్తుంది కాబోలు, కంపెనీకి తెలియకపోతే టోపీ దక్కుతుంది, నా మానమూ దక్కుతుంది అనుకున్నాను. అంత భయంలోనూ నేను ఆ లెక్కే వేసుకున్నానని ఒప్పుకోవాలి.

మరునాడు పొద్దున వదిన పుట్టింటి ఊరికి కబురు పెట్టి, మా ఊరి రైతులందరినీ మా వాకిట్లోకి పిలిపించింది. నేను తలుపు చాటున నిలబడ్డాను. “తప్పు నా ఇంట్ల అయింది” అని మొదలుపెట్టింది. “పేలికలు కట్టింది నేనే. మీ మగచెట్లు అవతలోళ్లకు పోయినయ్, వాళ్లయి మీ చేన్లల్ల వడ్డయ్. చెట్టు పీకొద్దు. రోజు పొద్దుగాల్ల వాళ్ల పూలు మీకు తెస్త, మీ పూలు వాళ్లకు కొంటవోత. ఒక్క దినం పూలు రాకున్నా నా గల్ల వట్టి అడుగున్రి.” చిన్నమ్మ లేచి, పిల్లలు గల్లదాన్ని, పంట పోతే నేనేం కావాలె అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరో గట్టిగా ఒక బూతు మాట అన్నారు. వదిన కదల్లేదు. పేలికలు కట్టింది నేనే అన్న మాట విన్నప్పుడు నేను తలుపు తోసుకుని బయటికి రావలసింది. రాలేదు. ఆ తలుపు గడియ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

వాళ్లు వెళ్లిపోయాక ఆమె గద్వాలకు బయలుదేరుతుంటే కాళ్లకు అడ్డం పడ్డాను. రైతులకు చెప్పావు, సరే, పూలు మార్చుకుంటే గింజ మంచిదే వస్తుంది కదా, కంపెనీకి చెప్పకు, పిల్ల బతుకు ఆలోచించు అని బతిమాలాను. “ఇంతమందికి తెల్సిన ముచ్చట దాగుతదా పిల్లా? మాట ఇచ్చిన్నంటే నా నోటితోనే వాళ్లకు తెల్వాలె” అని చెప్పులు వేసుకుంది. ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. చేలు వచ్చి చూశాడు, దగ్గరుండి పూలు మార్పిస్తే గింజ తీసుకోవడానికి పైవాళ్లను ఒప్పించాడు. కానీ టోపీ విషయం అడిగేసరికి తల దించుకుని, “మాట తప్పిన ఇంటి పిల్ల నెత్తిన మా పేరెట్లా పెడతామని పైవాళ్లంటున్నారమ్మా” అన్నాడు. ఆ సాయంత్రం వదిన బీరువాలోంచి టోపీ తీసి, సూదితో ఆ ఆకుపచ్చ దారం ఒక్కొక్క పోగూ లాగేసింది. బట్ట మంచిది, ఎండకు పనికొస్తుంది అంది. పేరు పోయింది గాని సూది బెజ్జాలు పోలేదు, వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.

మా వదిన, అంటే దాని పెద్దమ్మ, చూసే చేలల్లో ఏదో తారుమారైందని, పూలు మోయడానికి మనుషులు చాలడం లేదని తమ్ముడి నోట విని, ఎవరూ పిలవకుండానే మేనకోడలు బస్సు దిగింది. పోటీ దగ్గర పడుతున్నది, అక్కడ ఉండి ఆట సాధన చేసుకోవలసిన పిల్ల. రోజూ తెల్లారగానే మా ఊళ్లో కోసిన పూలు బుట్టకెత్తి, తడిగుడ్డ కప్పి, మా అన్న పాత మోపెడ్ మీద బీచుపల్లి వంతెన దాటి వీపనగండ్ల వైపు తీసుకెళ్లేది. అవతలి నుంచి ఇంకో మోపెడ్ మీద మాకు కావలసినవి వచ్చేవి. బుట్ట పట్టుకుని వెనకాల కూర్చునేదాన్ని నేనే. అది ఉన్న పన్నెండు రోజులూ తానే నడుపుతుంటే నేను దాని వీపు చూస్తూ కూర్చున్నాను. వంతెన మీద లారీలు రాసుకుంటూ పోయేవి, కింద కృష్ణ నిండుగా పారుతుండేది. ఇప్పుడు చెబుదాం, ఈ స్తంభం దాటాక చెబుదాం అనుకునేదాన్ని, వంతెన అయిపోయేది. ఒకరోజు నా చేతులు వణికి బుట్ట ఒరిగితే, అది బండి ఆపి వెనక్కి తిరిగి, “హెదరబేడ అత్తా” అంది. అంటే భయపడకు అని. బెంగళూరులో పెరిగిన పిల్ల, మాటకు రెండు కన్నడ మాటలు కలిసేవి. “మొదటి దెబ్బకు నాకూ గిట్లనే వణుకుతది. బంతినే చూడాలె, జనాన్ని చూడొద్దు” అని పూల మీది గుడ్డ సర్దింది. నేను లారీలకు భయపడుతున్నాననుకుంది పాపం.

గింజ దక్కింది. చిన్నమ్మ పంటా దక్కింది, ఆమె పిల్లలు ఆ ఏడూ బడి మానలేదు. పోటీకి వదినా నేనూ బెంగళూరు వెళ్లాం. తాడు కట్టిన చోట, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియక, ఎవరైనా కసురుతారేమోనని నేను వదిన కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్క పిల్లనూ పిలుస్తూ, పేరు వెంట ఆమెను నిలబెట్టిన కంపెనీ పేరు చెబుతున్నారు. మా పిల్ల దగ్గరికి వచ్చేసరికి దాని పేరు చెప్పి ఊరుకున్నారు. అది ఆ బెజ్జాల టోపీ సర్దుకుని, బంతి వైపే చూస్తూ కొట్టింది. ఆ రోజుల్లో అది మా అందరికంటే ధైర్యంగా ఉండేది. పదో చోట నిలిచిందో, పదకొండో చోటో, నాకు సరిగ్గా గుర్తు లేదు. ఎవరో ఒకరు చూస్తారు, పేరు వస్తుంది అనుకున్నాం. రాలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ టోపీతోనే ఆడి, ఇక ప్రయాణాల ఖర్చు భరించలేక మానేసింది. ఇప్పుడు అదే మైదానంలో చిన్నపిల్లలకు కర్ర పట్టుకోవడం నేర్పుతుంది. నాకు సంతోషంగానే ఉందత్తా అంటుంది, నిజంగానే సంతోషంగా కనబడుతుంది. ఆ ఏడాది పేరు నిలిచి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నాదే, అది ఒక్కనాడూ అనలేదు.

వదిన పోయి మూడేళ్లయింది. పోయేముందు కూడా ఆ పేలికల మాట ఎత్తలేదు. ఊళ్లో ఇప్పటికీ పెద్దవాళ్లు ఆమెను తలుచుకుని, ఎంత తెలివిగలదైనా ఆ ఏడు పొరబడింది గాని, మాట మీద నిలబడింది అంటుంటారు. నేను అక్కడే కూర్చుని వింటుంటాను. ఇప్పుడు సంచులకు ఎవరూ పేలికలు కట్టడం లేదు. ఏవేవో గుర్తులు అచ్చేసి వస్తున్నాయి, ఫోను చూపిస్తే రకం పేరు చెబుతుందట. గింజ మొలవకపోతే ఏదో నంబరుకు ఫోను చేయమంటారు, అవతల ఎవరో పాట వినిపిస్తారు. వాకిట్లో నిలబడి తప్పు నాదని చెప్పే మనిషి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆడపిల్లల టోపీలకు మాత్రం పేర్లు వచ్చాయి, చూసి కడుపు నిండుతుంది. మా పిల్ల ఒక ఇరవై ఏళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది, అంతలోనే ఆ పేలికలు నా చేతికి రాకుండా ఉంటే చాలు కదా అనీ అనిపిస్తుంది.

వనపర్తి ఆసుపత్రిలో నన్ను లోపలికి తీసుకెళ్లేటప్పుడు, అది నా చెయ్యి నొక్కి మళ్లీ అదే మాట అంది, హెదరబేడ అత్తా అని. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. తలుపు మూసుకుంది. కన్ను బాగైంది, అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి, అందుకే ఇది రాయగలిగాను. తెలుగులో రాశాను. అది చదువుకున్నదంతా కన్నడం, మాట్లాడుతుంది గాని తెలుగు చదవలేదు. ఇంత వయసొచ్చాక కూడా నేను చేయగలిగిన ధైర్యం ఇంతే. మీలో ఎవరైనా బెంగళూరు వెళ్లినప్పుడు, గోల్ఫ్ మైదానంలో చిన్నపిల్లల నడుమ, నొసట సూది బెజ్జాలున్న పాత తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి కనబడితే ఇది చదివి వినిపించండి. అంత తీరిక లేకపోతే ఒక్క మాట చెప్పండి చాలు. ఆ పేలికలు కట్టింది వాళ్ల పెద్దమ్మ కాదు, అత్త అని.